ఒక్క ప్రాణమూ పోని వంతెన

రేవు పట్నం,
ఏజెంటు ఆఫీసు, మేడ మీద.

అక్కకు,

ముందే చెప్పేస్తున్నాను, ఈ ఉత్తరం నిండా నా గొప్పలే. బావ విసుక్కుంటాడనుకుంటే ఆయనకి చదివి వినిపించకు.

వచ్చే చలికాలానికి మన రైలు కంపెనీకి యాభై ఏళ్లు నిండుతాయి. సముద్రం అవతల ఉన్న డైరెక్టర్ల కోసం దొరలు తమ భాషలో తోలు అట్ట వేసి పెద్ద చరిత్ర రాయించుకుంటున్నారు. మన భాషలోనూ ఒక చిన్న పుస్తకం ఉండాలనీ, పనివాళ్లందరికీ పంచాలనీ ఇక్కడి పెత్తనమంతా చూసే ఏజెంటు దొరకి బుద్ధి పుట్టింది. మొన్న పెద్ద గుమాస్తాగారు నన్ను గదిలోకి పిలిచి, “ఏమోయ్, ఇన్నాళ్లూ ఒకళ్లు రాసింది తర్జుమా చేస్తూ వచ్చావు. నీ అంతట నువ్వు రాయగలవా?” అన్నారు. ఆయన సంగతి నీకు చెప్పానుగా. కళ్లద్దాలు తుడుచుకోవడానికి కూడా ఎవరి అనుమతో కావాలన్నట్టుంటారు. నేను నెమ్మదిగా “చిత్తం” అన్నాను. బయటికొచ్చి, మెట్ల మీద ఎవరూ లేరని చూసుకుని, రెండేసి మెట్లు దూకుతూ దిగాను.

పుస్తకం మీద నా పేరు వేస్తారట, అక్కా. లోపలెక్కడో కాదు, అట్ట మీద.

చిక్కల్లా ఒకటే. ఆఫీసులో కాగితాలకి కొదవ లేదు గాని వాటిలో మనుషులు లేరు. ఏ గవర్నరు ఏ స్టేషనులో దిగి టీ తాగాడో ఉంది. పట్టాలు మోసినవాడు ఏం తాగాడో లేదు. వర్కుషాపు లైన్లలోని ముసలివాళ్లందరూ సాయంత్రమయ్యేసరికి నీ గుమ్మంలోనే కదా చేరేది! వాళ్లని కదిపి, చెప్పింది చెప్పినట్టు రాసి పంపు. సాపు చెయ్యడం నా పని.

తమ్ముడు

•

వర్కుషాపు లైన్లు,
చివరి ఇల్లు.

ఒరేయ్ గ్రంథకర్తా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించనే వినిపించాను. ఆయన చెయ్యి ఇంజను నూనెలో ఉండగానే, “అట్ట మీద పేరా? మేం ఫిట్టర్లం ఇంజన్లు విప్పి బిగిస్తాం, ఒక్క మేకు మీదయినా మా పేరు వేశారా?” అన్నాడు. కుళ్లుబోతు మాట కాదులే. రెండోసారి చదవమని తనే అడిగాడు.

పొగతాతని కదిపాను. పాతకాలపు డ్రైవరుగా, మాట కూడా ఆవిరి వదులుతున్నట్టే వస్తుంది. మొదటి బండి దిగినవాళ్లని గేటు దగ్గర టిక్కెట్లు ఇచ్చేయమంటే ఒక్కళ్లూ ఇవ్వలేదట. “మేం కొనుక్కున్నది మీకెందుకిస్తాం?” అని పెద్ద రభస. ఒకాయనైతే నోట్లో వేసుకుని మింగేశాడట. ఇది రాసుకో.

ఇంకొకటి ఉంది. అది నవ్వుకోవడానికి కాదు.

మా లైన్ల వెనక ఇంజన్ల బూడిద పోసే దిబ్బ ఉందిగా. అక్కడ సగం కాలిన బొగ్గులు ఏరుకునే ముసలమ్మని నువ్వూ చూశావు, బొగ్గులమ్మ అంటాం. ఆవిడ మొగుడు పెద్ద నది వంతెన కట్టేటప్పుడు మునక పని చేసేవాడట. నదిలో స్తంభం లేపాలంటే ముందు ఇటుకలతో పెద్ద బావి కడతారట, అడుగు లేని బావి. మనుషులు అందులోకి దిగి కింద ఇసుక తవ్వుతుంటే అది తన బరువుకి తనే కిందికి దిగుతుందట. ఒకరోజు ఆయన, ఇంకొందరు అందులోకి దిగారు. ఈవిడ ఒడ్డున ఇసుక తట్టలు మోస్తోంది. పొద్దు గూకగానే ఆడకూలీలని ఇళ్లకి పంపేశారట. మర్నాడు కంపెనీవాళ్లు, మునకాయన పని ఎగ్గొట్టి పారిపోయాడని చెప్పారు.

“బావిలోకి దిగటం చూశానమ్మా. పైకి రావటం చూళ్లేదు” అంటుంది. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాటే. విన్నవాడు లేడు. పైగా లేచిపోయినోడి పెళ్లాం అని పేరు పెట్టారు. జుట్టు నెరిసినా ఆ పేరు నెరవలేదు. నేనూ నా చెవులతో విన్నాను, ఒరేయ్, కుళాయి దగ్గర. విని ఊరుకున్నాను.

నిన్న ఆవిడకి మాటిచ్చేశాను. మా తమ్ముడు నీ మొగుడి సంగతి అచ్చులో వేస్తాడని. తొందరపడ్డానంటావా?

అక్క

•

రేవు పట్నం.

అక్కా,

తొందరపడలేదు. నువ్వు ఇవ్వకపోయుంటే ఆ మాట నేనే ఇచ్చేవాణ్ని.

నీ ఉత్తరం అందిన రోజు ఆఫీసు అయిపోయినా నా కుర్చీలోంచి లేవలేదు. వంతెన అధ్యాయం మొత్తం చించి మళ్లీ మొదలుపెట్టాను. ఒడ్డున తట్ట దించి, బావి వైపు చూస్తూ నిలబడ్డ ఆ మనిషి దగ్గర మొదలుపెట్టాను. ఇంతకాలం రాసిందంతా చేతితో రాశాను, ఇది మాత్రం ఇంకెక్కడినుంచో వచ్చింది. టిక్కెట్టు మింగినాయన కూడా ఉన్నాడు, కంగారుపడకు.

మునకాయన పేరూ ఇంటిపేరూ తప్పు లేకుండా ఒక చీటీ మీద రాసి పంపు. అచ్చులో అక్షరం మారితే మనిషే మారిపోతాడు. చిన్నప్పుడు మన కొలిమి దగ్గర మసిబొగ్గుతో గోడ మీద నాకు అక్షరాలు దిద్దించేటప్పుడు ఒత్తు మర్చిపోతే నెత్తిన మొట్టేదానివే, ఆ మొట్టికాయ సాక్షిగా చెబుతున్నాను: ఆ పేరు అచ్చవుతుంది. బొగ్గులమ్మతో నా మాటగా చెప్పు.

తమ్ముడు

•

వర్కుషాపు లైన్లు.

చిరంజీవి తమ్ముడికి,

చీటీ ఇందులోనే ఉంది. బొగ్గులమ్మ చెబుతుంటే రాశాను. రాశాక ఆ చీటీ పట్టుకుని ఎటు తిప్పితే పేరు పైకి వస్తుందో అడిగి, సరిగ్గా తిప్పి పట్టుకుని, చాలాసేపు చూసింది.

నీ మాట చెప్పాను. చెప్పిన దగ్గర్నుంచీ ఆవిడ వాలకమే వేరు. మసి కడుక్కుని, ఉతికిన బట్ట కట్టుకుని రోజూ వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. “అచ్చయిందా?” అని అడగదు. “మీ తమ్ముడు బాగున్నాడా?” అని అడుగుతుంది. రెండూ ఒకటేలే.

ఇంకో వింత చెప్పనా? కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆవిడకి దారి వదులుతున్నారు. నోటి దురుసుకి మారుపేరయిన మా పక్కింటావిడ నిన్న ఆవిడ బిందె తనే ఎత్తి పెట్టింది. పుస్తకం రాకముందే ఇంత జరిగింది, చూడు. మీ బావ మాత్రం, “అచ్చు కాకముందే ఊరంతా చాటింపు ఎందుకు? దొరల సంగతి మీకు తెలీదు” అని గొణిగాడు. ఆయనకి దొరల సంగతి తెలుసేమో గాని నా తమ్ముడి సంగతి నాకు తెలుసు అన్నాను.

అక్క

•

రేవు పట్నం.

అక్కకు,

చీటీ చేరింది. ఇక్కడ పని ఒత్తిడి చెప్పలేను. అచ్చుకి వాడే కాగితం ఓడలో వస్తూ తడిసిందట, మళ్లీ తెప్పించారు. అట్ట ఏ రంగు ఉండాలన్న దాని మీద రెండు వారాలు నడిచింది. చివరికి ఆకుపచ్చ ఖాయం చేశారు, కంపెనీ పెట్టెల రంగు. మొదటి పేజీలో ఏజెంటు దొర ఫోటో. దొరసాని ఆ ఫోటోలో మీసం సరిగ్గా పడలేదని అనడంతో అదీ రెండోసారి తీయించారు.

ఇక్కడ ఉక్క. దోమలు కూడా ఎగరలేక నడుస్తున్నాయి. నా దగ్గు తగ్గింది. బావ మోకాలి నొప్పికి నూనె పంపాను, అందిందా?

పుస్తకం పొడుగు ఎక్కువైందని కొన్నిచోట్ల కుదించాల్సి వచ్చింది. అది మామూలే.

పిల్లల్ని అడిగానని చెప్పు.

తమ్ముడు

•

వర్కుషాపు లైన్లు.

తమ్ముడూ,

నూనె అందింది. దొర మీసం సంగతీ తెలిసింది. దోమలు నడుస్తున్నాయని కూడా తెలిసింది.

నేనొకటి అడుగుతాను. కుదించింది ఎక్కడ? ఆ పేజీ ఉందా, లేదా? ఉంటే ఉందని, లేకపోతే లేదని ఒక్క ముక్క రాయి. లేదంటే ఇప్పుడే ఆవిడకి చెప్పుకుంటాను. నాలుగు తిట్లు తింటాను, అరిగిపోతాయి. రోజూ ఆవిడ నా గుమ్మంలో కూర్చుని నీ ఆరోగ్యం అడుగుతుంటే నాకు ముద్ద దిగడం లేదు.

అక్క

•

రేవు పట్నం.

అక్కకు,

పుస్తకం అచ్చులో ఉంది. ఉత్సవం రోజున లైన్లలో ఇంటింటికీ ఒకటి అందుతుంది. చూద్దువుగాని. ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు

•

వర్కుషాపు లైన్లు.

పుస్తకం అందింది.

వర్కుషాపు ముందు బల్లలు వేసి, వరసలో నిలబెట్టి, ఇంటికొకటి చొప్పున ఇచ్చారు. బొగ్గులమ్మ కంపెనీ మనిషి కాదు కనక ఆవిడకి ఇవ్వలేదు. మీ బావ తనకిచ్చింది తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. సాయంత్రం మా అరుగు మీద కాలు పెట్టే చోటు లేదు. కుళాయి దగ్గర జనం అంతా వచ్చారు. పొగతాత వచ్చాడు. లేచిపోయినోడి పెళ్లాం అని పేరు పెట్టినవాళ్లూ వచ్చి వెనకాల నిలబడ్డారు. బొగ్గులమ్మ పుస్తకం నా చేతికిచ్చి, నా మోకాలికి తన మోకాలు ఆనించి కూర్చుంది.

వంతెన అధ్యాయం తీశాను. పెదవి కదిలేలోపలే కన్ను ముందుకు పోయింది. అక్కడ ఏముందో నీకు తెలుసు. అయినా రాస్తాను, నీ అక్షరాలు నీ కళ్లతో చూసుకో.

“అంతటి మహానదిపై అంతటి వంతెన కట్టుటలో ఒక్క ప్రాణమూ పోలేదనుట కంపెనీవారి దక్షతకూ, దయకూ చెరగని సాక్ష్యము.”

తల తీసేసినట్టయింది. ఆవిడ నా నోటి వంకే చూస్తోంది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? చదివాను. లేనిది చదివాను. మూడో స్తంభం దగ్గర మునకాయన, పేరుతో సహా, ఇంటిపేరుతో సహా, నదిలో ప్రాణం వదిలాడని చదివాను. ఎక్కడికీ పారిపోలేదని చదివాను. ఆపితే బాగుండేది, ఆగలేకపోయాను. నోరు దాని దారిన అది పోయింది. బావి ఒరిగినప్పుడు తోటివాళ్లని పైకి తొయ్యబోయి తను ఉండిపోయాడని కూడా చదివాను. కళ్లు పేజీ మీదే ఉంచి, వేలు వరస వెంట జరుపుతూ చదివాను.

బొగ్గులమ్మ ఏడవలేదు. వెనక్కి తిరిగి, నిలబడ్డవాళ్లని ఒక్కొక్కర్నీ చూసింది. ఒకావిడ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని, “తప్పయిపోయింది పిన్నీ” అంది.

ఆ మాటకి నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. నాకు అక్షరాలు ఎందుకు వచ్చాయిరా, ఇందుకా? మీ బావకి తెలిసిపోయింది. నా భుజం మీదుగా పేజీ చూశాడు, ఆయనకీ కాస్త చదవటం వచ్చుగా. తిట్టినా బాగుండేది.

నీకు సంతకం పెట్టబుద్ధి కావడం లేదు.

•

రేవు పట్నం.

అక్కా,

జరిగింది రాస్తాను. మధ్యలో చింపెయ్యకు.

ఆ అధ్యాయం పెద్ద గుమాస్తాగారికి ఇచ్చిన మర్నాడు నన్ను పిలిచి, తలుపు వేశారు. కాగితాలు బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి, వాటిని తుడవకుండా అలాగే పట్టుకున్నారు.

“నువ్వు రాసింది నిజమే” అన్నారు. “ఆ రోజుల్లో వంతెన పని దగ్గర హాజరు గుమాస్తాని నేనే. బావి పక్కకి ఒరిగింది. అడుగునుంచి ఇసుకా నీళ్లూ ఒక్కసారిగా పొంగాయి. వరద రాబోతోంది, పని ఆపితే ఆ ఏడాదికి ఇంక స్తంభం లేవదని, ఇంజనీరు దొర అందులో కాంక్రీటు పొయ్యమన్నాడు. పొద్దున్న పేర్లు పిలిచాను. కొందరు పలకలేదు. పరారీ అని రాసుకోమన్నారు. రాసుకున్నాను.”

“మరి?” అన్నాను.

“ఆ రోజు నేనూ ఇంజనీరు దొరని అదే అడిగాను, మరి అని. జవాబు ఇంకా రాలేదు” అన్నారు. తర్వాత గొంతు మార్చి, “దొరల పుస్తకంలో ఒక్క ప్రాణమూ పోలేదని ఉంది. రెండు పుస్తకాలూ ఒకే మాట చెప్పాలి. నువ్వు రాయలేనంటే ఇంకొకరు రాస్తారు, పుస్తకం ఆగదు” అన్నారు.

బావ ఉద్యోగానికి ముప్పొస్తుందని భయపడి ఒప్పుకున్నానని నీకు రాద్దామని ఒక కాగితం పాడుచేశాను. అది అబద్ధం. బావ మాటే రాలేదు. నా ఉద్యోగం పోతుందని కూడా ఎవరూ బెదిరించలేదు, అక్కా. అట్ట మీద నా పేరు బదులు ఇంకొకరి పేరు ఉంటుందన్నారు, అంతే. అంత చిన్నదానికి ఒప్పుకున్నాను.

ఇంకా ఉంది. ఆ వాక్యం ఆయన చెప్పి రాయించింది కాదు. ఒక్క ప్రాణమూ పోలేదు అన్నంత మటుకే ఆయనది. దక్షత, దయ, చెరగని సాక్ష్యము, అవన్నీ నావి. రాసి, పైకి చదువుకుని, నడక బాగా కుదిరిందని మెచ్చుకున్నాను. ఉత్సవం రోజున ఏజెంటు దొర నాతో చెయ్యి కలిపాడు. సిగ్గుపడ్డానని నీకు రాయాలని ఉంది గాని ఆ క్షణాన నాకు సంతోషమే వేసింది. సిగ్గు తర్వాత వచ్చింది, నీ ఉత్తరంతో. నువ్వు రాసి ఉండకపోతే వచ్చేదో లేదో తెలియదు.

ఉద్యోగం మానేశానని రాద్దామని రెండుసార్లు కలం పట్టాను. మానలేదు. మానలేను కూడా.

నువ్వు లేనిది చదివి మంచిపని చేశావు. ఆవిడకి ఆ మాటే ఉండిపోనీ.

తమ్ముడు

•

వర్కుషాపు లైన్లు.

ఉండిపోనీ అని తేలిగ్గా రాశావు. ఉండలేదు.

బొగ్గులమ్మకి ఆ మాటలు ఇంకోసారి వినాలనిపించింది. నన్ను మాటిమాటికీ ఇబ్బంది పెట్టడమెందుకనుకుందట. పుస్తకం గుడ్డలో చుట్టుకుని వర్కుషాపు గేటు దగ్గరికెళ్లి, టైముకీపర్ని చదివి పెట్టమంది. షిఫ్టు వదిలే వేళ. అతను గట్టిగా చదివాడు, ఉన్నది ఉన్నట్టు. గేటు దగ్గర వందమంది. కొందరు నవ్వారు. ఆవిడ టైముకీపరు చేతిలోంచి పుస్తకం లాక్కుని, “నీకు చదువు రాదు! కూడబలుక్కుని చదివేవాడివి, నీకీ ఉద్యోగం ఎవడిచ్చాడు!” అని అతన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. మీ బావ చేతి పట్టకారు కిందపడేసి, ఆవిడ భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

“ఇంకోసారి చదువమ్మా. సరిగ్గా చదివి ఆ నవ్వినోళ్లకి చెప్పు” అంది నన్ను.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నా చేతులు వాటంతట అవే పేజీ తిప్పాయి. మళ్లీ చదివాను. మూడో స్తంభం, పేరు, ఇంటిపేరు, పారిపోలేదు. మూసేశాను.

ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుంది. “ఇంకా ఉందిగా?” అంది. “తోటివాళ్లని పైకి తొయ్యబోయి పోయాడని చదివావు కదమ్మా మొన్న?”

ఆ ముక్క నేను మర్చిపోయాను, ఒరేయ్. నా నోటి నుంచి వచ్చిన ముక్క నాకే గుర్తులేదు. ఆవిడ అది పట్టుకుని ఇన్ని రోజులూ బతికింది. పుస్తకం మళ్లీ తీశాను, కళ్లకి ఏమీ కనబడలేదు. ఆవిడ నా మొహంలోకి చూసింది. చాలాసేపు కాదు. అర్థమైపోయింది.

“పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది, చూసుకో తల్లీ” అని లేచి వెళ్లిపోయింది.

పొయ్యి మీద ఏమీ లేదు. నేను మొహం తిప్పుకోవడానికి ఆవిడ దారి చూపించింది.

ఇప్పుడు గుమ్మంలోకి రావడం లేదు. నేను దిబ్బ వైపు వెళ్లలేకపోతున్నాను. ఆవిడ మొగుడు ఏమయ్యాడో తెలిసిన మనిషి ఒకడు బతికున్నాడని రాశావు. ఆయన్ని తీసుకొచ్చి ఆవిడ ఎదుట నిలబెట్టు. నాకు క్షమాపణలు రాసి పంపకు, వాటిని ఏం చేసుకోను? నువ్వొచ్చినా నా ఇంటికి రానక్కర్లేదు. ముందు అక్కడికి వెళ్లు.

అక్క

•

రేవు పట్నం,
ఇంటి దగ్గరినుంచి.

అక్కా,

వెళ్లాను.

పెద్ద గుమాస్తాగారిని అడిగితే, “ఇన్నేళ్ల తర్వాత ఆవిడ ఎదుట ఏ మొహంతో నిలబడను?” అన్నారు. “ఉన్న మొహంతోనే రండి, నేనూ అలాగే వెళ్తున్నాను” అన్నాను. ఆయన బల్ల మీది కాగితాలు ముందుకు లాక్కున్నారు. నేనొక్కణ్నే వెళ్దామని మర్నాడు పొద్దున స్టేషనుకొస్తే, చంకలో గొడుగు పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు.

మీ స్టేషనులో దిగి నీ గుమ్మం ముందునుంచే నడిచాను. లోపల గిన్నెల చప్పుడు వినబడింది. తల వంచుకుని దాటిపోయాను. నువ్వు చూశావేమో తెలియదు.

బొగ్గులమ్మ దిబ్బ మీద ఉంది. నేను ఎవరినో చెప్పాను. “ఓహో, బాగున్నావా బాబూ?” అంది. ఎగతాళి కాదు, మామూలుగానే అడిగింది. అది ఎంత కష్టంగా ఉందో చెప్పలేను. “పుస్తకంలో రాసింది అబద్ధమమ్మా. తెలిసి రాశాను” అన్నాను. ఏరిన బొగ్గులు బుట్టలో వేసుకుంటూ, “నాకు తెలిసిందిలే. నిజం సంగతి చెప్పు” అంది. ఆయన్ని చూపించాను. ఆమె ఆయన్ని పైనుంచి కిందికి చూసి, “ఇక్కడ కాదు. అక్కడికెళ్లి చెప్పమను” అంది.

కంపెనీ బండి ఆమె ఇంతకుముందు ఎప్పుడూ ఎక్కలేదట. పంతం. ఇవాళ ఎక్కింది. వంతెన మీద బండి పోతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్కో స్తంభాన్నీ చూస్తూ, “ఏది?” అని అడిగింది. ఆయన కింద ఇసుక వైపు చెయ్యి చూపారు. అవతలి ఒడ్డు స్టేషనులో దిగి, గట్టు దిగి, ఇసుకలో నడిచాం. వానాకాలం దాటడంతో నది ఒక పక్కకి తప్పుకుని, స్తంభాల మొదళ్లు బయటపడి ఉన్నాయి. ఆయన మూడోదాని దగ్గర ఆగారు. నువ్వు మూడో స్తంభమని ఎలా చదివావో ఏమో, అదీ నిజమే.

నాకు చెప్పిందే ఆయన ఆమెకి చెప్పారు. ఇసుక, నీళ్లు, కాంక్రీటు, పొద్దున హాజరు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

“పేరు పిలిస్తే పలకలేదన్నావు. రెండోసారి పిలిచావా?”

“లేదమ్మా” అన్నారు.

“పిలవాల్సింది” అంది.

ఆయన ఇసుకలో అలాగే కూర్చుండిపోయారు. నేను లేవదీయలేదు.

ఆమె స్తంభం దగ్గరికెళ్లి చేత్తో తట్టింది, తలుపు తట్టినట్టు. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. అంత పచ్చి తిట్లు నేనెప్పుడూ వినలేదు. “ఇక్కడే ఉన్నావురా నాయనా? నీ కోసం ఎన్ని ఊళ్లు తిరిగాను! ఎవత్తెతోనో కాపురం పెట్టావని, పిల్లల్ని కన్నావని... నేనూ నమ్మానురా. పైకి ఒకటే మాట చెప్పాను గాని లోపల నమ్మాను. నువ్వు చచ్చిపోలేదు, హాయిగా ఉన్నావని రోజూ తిట్టుకున్నాను.” రాయికి చెంప ఆనించి, “నా నోరు పడిపోను” అంది.

నువ్వు సిగ్గుపడ్డావు, నేను సిగ్గుపడ్డాను, ఆయన సిగ్గుపడ్డారు. ఏ తప్పూ లేని ఆ మనిషి అందరికన్నా ఎక్కువ సిగ్గుపడింది.

పుస్తకం అలాగే ఉంది, అక్కా. ఇంటింటా ఉంది. దాన్ని నేను వెనక్కి తీసుకోలేను. మళ్లీ అచ్చువేసేటప్పుడు మార్చమని ఏజెంటు దొరకి ఒక అర్జీ రాసి పెద్ద గుమాస్తాగారి చేతికిచ్చాను. దాని కింద ఆయన కూడా సంతకం చేశారు. జవాబు వస్తుందని నీతో అనలేను.

తిరుగు బండిలో ముగ్గురం ఒకే పెట్టెలో కూర్చున్నాం. బండి వంతెన మీదికి ఎక్కి చప్పుడు మారగానే బొగ్గులమ్మ కింద ఆనించిన కాళ్లు రెండూ తీసి బల్ల మీదికి ముడుచుకుంది. ఎందుకో మొదట నాకు తెలియలేదు. ఎదురుగా ఉన్న పెద్ద గుమాస్తాగారు చూసి, జోళ్లు విప్పి, ఆయనా కాళ్లు పైకి ముడుచుకున్నారు. తర్వాత నేను.

వంతెన పూర్తిగా దాటేదాకా ఎవరమూ కాళ్లు కింద పెట్టలేదు.

తమ్ముడు